ఆకు మెరుపు చూసి తెగులు చెప్పే 'నానో లిక్విడ్' కొనవచ్చా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు జిల్లా. మూడెకరాల్లో మిరప వేశాను, ఇప్పుడు పూత మీద ఉంది. మొన్న ఒకతను ఊళ్లోకి వచ్చి 'కార్బన్ నానో లిక్విడ్' అని ఒక సీసా చూపించాడు. దాన్ని చేనంతా పిచికారీ చేస్తే, తెగులు సోకిన మొక్కల ఆకులు ఫోన్ కెమెరాలో మెరుస్తాయట, పది రోజుల ముందే తెలిసిపోతుందట. అమెరికాలో కనిపెట్టారని వీడియో కూడా చూపించాడు. ఎకరాకు నాలుగు వేలు అంటున్నాడు. సీసా మీద పేరు, ఆకు బొమ్మ తప్ప ఇంకేమీ లేవు. నల్ల తామర పురుగుకు ఒకసారి చేను మొత్తం పోగొట్టుకున్నాను, అందుకే టెన్షన్‌గా ఉంది. కొనమంటారా?
– ఒక మిరప రైతు

జవాబు: కొనవద్దు. అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

అతను వీడియోలో చూపించినలాంటి పరిశోధన మాత్రం నిజంగానే ఉంది. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త మైఖేల్ స్ట్రానో బృందం చాలా ఏళ్లుగా ఈ పని చేస్తోంది. సింగపూర్ శాస్త్రవేత్తలు కూడా వాళ్లతో కలిసి పనిచేస్తున్నారు. ఆ పని ఏమిటో తెలిస్తే, మీకు చూపించిన సీసాకూ దానికీ పొంతన లేదని మీకే అర్థమవుతుంది.

వాళ్లు వాడేది కార్బన్ నానోట్యూబులను. కార్బన్ నానోట్యూబు అంటే బొగ్గు జాతి పదార్థంతో చేసిన బోలు గొట్టం. లావు ఒక నానోమీటరు అటూ ఇటూ, అంటే వెంట్రుక మందంలో దాదాపు 80 వేలో వంతు. దాని మీద లేజర్ కాంతి వేస్తే తిరిగి వెలుగునిస్తుందని 2002లో కనుగొన్నారు. ఆ వెలుగు ఎరుపుకు అవతలిది, మన కంటికి కనపడదు. మొక్కల్లో పరిశోధనకు అదే కలిసొచ్చింది. లేజర్ పడితే ఆకులోని పత్రహరితం కూడా ఎర్రగా వెలుగుతుంది. గొట్టం వెలుగు ఆ ఎరుపును దాటి ఉండడంతో రెండూ కలిసిపోవు. గొట్టానికి తగిన డీఎన్‌ఏ పోగునో పాలిమర్‌నో (ప్లాస్టిక్ లాంటి పొడవాటి అణువును) చుడితే, ఒక ప్రత్యేకమైన రసాయనం దగ్గరకు వచ్చినప్పుడు దాని వెలుగు మారుతుంది.

మొక్కకు దెబ్బ తగిలినా పురుగు కొరికినా లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రసాయనం పుడుతుంది. ఆకు వెంట అది అలలా పాకుతుంది. 2020లో పాలకూర, లెట్యూస్ వంటి మొక్కల్లో ఆ అలను ఈ గొట్టాలతో అప్పటికప్పుడే చూడగలిగారు. జాతిని బట్టి నిమిషానికి సుమారు 0.4 నుంచి 3 సెంటీమీటర్ల వేగంతో అది కదిలింది. ఒక్క మాట గమనించండి: ఆ ప్రయోగంలో దెబ్బ తగిలినప్పుడు గొట్టాల వెలుగు తగ్గింది. మీ దగ్గరకు వచ్చినతను మెరుస్తుందన్నాడు.

పైగా ఆ గొట్టాలను చేనంతా పిచికారీ చేయలేదు. సూది తీసేసిన సిరంజిని ఆకు అడుగున ఆనించి, ఆకుకు ఉండే సన్నని రంధ్రాల గుండా కొద్దికొద్దిగా ఎక్కించారు. తర్వాత లేజర్ వేసి, ప్రత్యేకమైన కెమెరాతో చూశారు. మామూలు ఫోన్ కెమెరాలో ఇలాంటి కాంతిని అడ్డుకునే ఫిల్టర్ ఉంటుంది. 2016లో పేలుడు పదార్థాల జాడ చెప్పే పాలకూర మొక్కను తయారుచేసినప్పుడు, మార్పులు చేసిన కెమెరా పెట్టి, సమాచారం ఈమెయిల్‌గా ఫోన్‌కు వచ్చేలా చేశారు. 'ఫోన్‌లో కనపడుతుంది' అనే మాట బహుశా అక్కడి నుంచే పుట్టి ఉంటుంది.

తెగులు పేరు చెప్పడం ఇంకా కష్టం. పెరాక్సైడ్ ఎండకూ పుడుతుంది, పురుగుకూ పుడుతుంది. అందుకే 2024లో పాక్ చోయ్ అనే ఆకుకూరలో సాలిసిలిక్ ఆమ్లాన్ని (మొక్క కష్టంలో ఉన్నప్పుడు తయారుచేసుకునే హార్మోను) కూడా కలిపి కొలిచారు. వేడి, ఎక్కువ కాంతి, బాక్టీరియా, ఈ మూడింటికీ రెండు గంటల్లోపు వేర్వేరు సమయాల్లో ఆ ఆమ్లం పెరిగింది. ఆకును గాయపరిస్తే మాత్రం పెరగలేదు. ఇలాంటి తేడాలను బట్టి మొక్క బాధ ఏమిటో గుర్తించవచ్చన్నది వాళ్ల ఆశ. అది చాలా విలువైన పని. మన మిరపకూ అలాంటిది రావాలని మనసారా కోరుకుంటున్నాను. అయితే మీ చేను ఈ సీజన్‌లోనే నిలబడాలి.

ఇంకో సంగతి. పురుగుమందైతే 1968 చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు సీసా మీద ఉండి తీరాలి. నంబరు లేనిది, లోపల ఏముందో తెలియనిది, తినే కాయ మీద కొట్టకూడదు. అందులో నిజంగానే నానోట్యూబులు ఉంటే అది మరీ భయం. కొన్ని రకాల నానోట్యూబులు ఊపిరితిత్తుల్లోకి వెళితే హాని చేస్తాయని ఎలుకలు, చుంచెలుకల మీద పరీక్షల్లో తేలింది.

నల్ల తామర పురుగు పూతలో ఉంటుంది కాబట్టి మీరు ఇప్పుడు చూడాల్సింది పూతనే. ఉదయం పూట చేనులో పది పదిహేను చోట్ల తెల్ల కాగితం మీద పూలను తట్టండి. సన్నగా, నల్లగా కదిలేవి ఉంటే లెక్క రాసుకోండి. ఎకరాకు 25–30 నీలి రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు, కనుక ముడత ఎటు ఉందో చూడకుండా కొట్టకండి. యూరియా ఎక్కువ వేయవద్దు. కనిపించిన మందల్లా కలిపి కొడితే పురుగును తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. 2021–22లో చాలా చేలు అలా కూడా దెబ్బతిన్నాయి.

కాగితం మీద లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా నాలుగైదు పూలు, ముడుచుకున్న ఆకులు కవరులో పెట్టుకుని లాం ఉద్యాన పరిశోధన స్థానానికి గానీ, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకెళ్లండి. అతను మళ్లీ వస్తే సీసా ఫొటో తీసి మీ మండల వ్యవసాయ అధికారికి చూపించండి. పక్క రైతులకూ చెప్పండి.