చిత్తూరులో చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌ను ఎలా ఎంచుకోవాలి?

మనిషిని వెతికే ముందు మీ సమస్యేమిటో కాగితం మీద రాసుకోండి. ‘లాభం పెరగాలి’ అని రాస్తే చాలదు. తోతాపురి మామిడి సీజన్ కొద్ది నెలలే. కాయ డబ్బు అప్పుడే కావాలి, గుజ్జు మాత్రం ఏడాది పొడవునా అమ్ముడవుతుంది. మీ టెన్షన్ ఆ మధ్యలో ఇరుక్కునే వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం నడపడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) గురించా, టన్ను కాయకు వచ్చే గుజ్జు తగ్గిందనా, ఎగుమతి ఆర్డర్లు రావడం లేదనా? మూడింటికీ ఒకే మనిషి సరిపోవడం అరుదు. పన్నుల లెక్కలకైతే మీ ఆడిటర్ చాలు.

మొదటి రోజే పరిష్కారం చెప్పేసేవాళ్లను నేనైతే నమ్మను. పని తెలిసినాయన ముందు స్టాక్ రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. గుజ్జు తీసే లైన్ నడుస్తుండగా ఒకసారి చూడాలంటారు. ఆయన పాత క్లయింట్లు ఇద్దరికి మీరే ఫోన్ చేసి, ఆయన చేయించిన మార్పులు ఆయన వెళ్లిపోయాక కూడా నిలిచాయా అని తప్పకుండా అడగండి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

లోన్ ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు. మీ కాయ ధరలు, కొనేవాళ్ల పేర్లు పక్క ఫ్యాక్టరీకి చేరకుండా గోప్యత ఒప్పందం రాయించుకోండి. ఫీజు దశలవారీగా ఇవ్వండి. ఆయనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజు మీద 18 శాతం పడుతుంది, చెప్పిన రేటులో అది కలిసుందో లేదో ముందే తేల్చుకోండి.