స్ట్రింగ్ మారే చోటే సాధన చెయ్యి

చిన్నా,

నీ గిటార్ క్లిప్ విన్నాను. ఒక్క స్ట్రింగ్ మీద చెయ్యి బాగానే పరిగెడుతోంది, స్ట్రింగ్ మారినప్పుడే తడబడుతోంది. అందుకని వేగం సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి ఆ మార్పునే పట్టుకో.

ముందు పిక్ (తీగలు మీటే చిన్న పలక) మార్చు. పల్చటిది వంగిపోయి, తిరిగి రావడానికి ఆలస్యం చేస్తుంది. 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మొన వేళ్ల మధ్య నుంచి 3 మిల్లీమీటర్లు బయటికొస్తే చాలు. కదలిక మణికట్టు నుంచి రావాలి, మోచేతి నుంచి కాదు.

జీ మేజర్ స్కేలు తీసుకో. ఆరో స్ట్రింగ్ అంటే అన్నిటికంటే లావుది, అంకెలు గిటార్ మెడ మీది ఫ్రెట్‌లవి (అడ్డకడ్డీలవి). ఆరో స్ట్రింగ్ 3-5-7, ఐదో స్ట్రింగ్ 3-5-7, నాలుగో స్ట్రింగ్ 4-5-7. ఆరో స్ట్రింగ్ డౌన్-అప్-డౌన్ (డౌన్ అంటే నేలవైపు, అప్ అంటే పైకి మీటడం) అయితే ఐదోది అప్-డౌన్-అప్ అవుతుంది. పిక్ పై అంచు (వేళ్లు పట్టుకున్న వైపు) కాస్త నేలవైపు వాలి ఉంటే, అప్ స్ట్రోక్ తర్వాత మొన తీగల పైకి తేలుతుంది. డౌన్ స్ట్రోక్ తర్వాత మాత్రం రెండు తీగల మధ్య ఇరుక్కుంటుంది. నీ పిక్ అలాగే వాలి ఉంటే, ఐదు నుంచి నాలుగుకి తేలిగ్గా వెళ్తావు, ఆరు నుంచి ఐదుకే తగులుకుంటావు.

దానికి మొత్తం స్కేలు వాయించనక్కర్లేదు. ఆరో స్ట్రింగ్ 5-7, ఐదో స్ట్రింగ్ 3-5, ఈ నాలుగు నోట్లే అప్-డౌన్-అప్-డౌన్‌గా తిప్పి తిప్పి వాయించు. స్ట్రింగ్ మారే ముందు వచ్చే డౌన్ స్ట్రోక్‌కి మణికట్టు కొద్దిగా తిప్పి పిక్ పై అంచును పైకి వాల్చు, మొన బయటపడుతుంది. మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ మనే యంత్రం) నిమిషానికి 60 క్లిక్‌లకి పెట్టి, సరళి వరుసల్లో మూడు కాలాలు పాడినట్టు, క్లిక్‌కి ఒకటి, రెండు, నాలుగు నోట్లు చొప్పున వెళ్లు. వరుసగా పదిసార్లు తప్పు రాకపోతేనే 4 పెంచు. ఎక్కడైనా తగిలితే 8 తగ్గించు. ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) క్లీన్ టోన్‌లోనే, అంటే గరగర లేకుండా ఉండాలి, చప్పుళ్లన్నీ ఒకే స్థాయికి తెచ్చే కంప్రెసర్ కూడా వద్దు. గరగర తెచ్చే డిస్టార్షన్, కంప్రెసర్ రెండూ హెచ్చుతగ్గుల్ని కప్పేస్తాయి.

హైబ్రిడ్ పికింగ్, అంటే పిక్‌తో పాటు వేళ్లతోనూ మీటడం, దీని తర్వాతే. సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి పట్టేది) పట్టి నాలుగో స్ట్రింగ్ పిక్‌తో, మూడోది మధ్య వేలితో, రెండోది ఉంగరపు వేలితో, క్లిక్‌కి మూడు నోట్లు. వేలిని అరచేతి వైపు ముడవాలి. తీగను పైకి లాగావంటే అది ఫ్రెట్ మీద ఠప్పున కొట్టుకుంటుంది. కంట్రీ గిటార్‌లో ఆ చప్పుడు కావాలనే తెస్తారు, నీకిప్పుడు వద్దు. చిటికెన వేలు బాడీకి ఆనించకు, ఉంగరపు వేలు బిగుసుకుపోతుంది. వేళ్ల నోట్లు చిన్నగా వినిపిస్తే వేళ్ల బలం పెంచకు, పిక్ తేలిక చెయ్యి.

ఇక స్కేలు, హైబ్రిడ్ పికింగ్ రెండూ కలిపేది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. అదే జీ మేజర్ స్కేలు నాలుగో స్ట్రింగ్ 4-5-7, మూడోది 4-5-7, రెండోది 5-7-8. ప్రతి స్ట్రింగ్‌లో మొదటి నోటు మధ్య వేలితో మీటి, తర్వాతివి డౌన్, అప్. ప్రతి స్ట్రింగూ అప్‌తోనే ముగుస్తుంది కాబట్టి, పై అంచు నేలవైపు వాలి ఉంటే పిక్ ఎక్కడా ఇరుక్కోదు. పైగా వేలు మీటుతున్నంతసేపట్లో పిక్ తర్వాతి స్ట్రింగ్‌కి చేరిపోతుంది. వేలి నోటు తొందరపడి క్లిక్ కంటే ముందే పడుతుంటుంది, అక్కడ చెవి పెట్టు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ముంజేయి బిగిసినా, నొప్పి పుట్టినా వెంటనే ఆపి చెయ్యి వేలాడేసి వదులు చెయ్యి. బిగిసిన చేత్తో వాయిస్తే ఆ బిగువే అలవాటైపోతుంది.

ఆశీస్సులతో,
నీ బాబాయ్