ఫైలు మీద రెండు పేర్లు రాయించండి

పెళ్లై మూడేళ్లు, మీకు 31, మీ వారికి 34, కూకట్‌పల్లిలో కాపురం, సంతాన సాఫల్య కేంద్రంలో డాక్టరును మొదటిసారి కలవడానికి ఇంకా మూడు వారాల గడువు. ఏమేం తీసుకువెళ్లాలి, ఏమేం అడుగుతారు, అప్పటిదాకా రోజులు ఎలా గడవాలి అని రాశారు. ఆ మూడోదే అసలు ప్రశ్న అని నాకు తెలుసు. అయినా వరసలోనే చెబుతాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మాకు ఇప్పుడు బాబు ఉన్నాడు. ఇలాంటి జవాబులు చదివేటప్పుడు నేను ముందుగా చివరి పేరాకు వెళ్లి, వీళ్లకు పిల్లలు పుట్టారా లేదా అని చూసుకుని, ఆ తర్వాతే పైకి వచ్చి చదివేదాన్ని. మీకు ఆ శ్రమ తప్పిస్తున్నాను. సరైన డాక్టరును కలిసిన రోజు నుంచి వాడు పుట్టేదాకా రెండున్నరేళ్లు పట్టింది. అయితే అంతకుముందు ఊరికే పోయిన 14 నెలల గురించే మీకు ఎక్కువ చెప్పాలి.

మేము ఉండేది హబ్సిగూడలో. పెళ్లైన మూడో ఏట ఇంటికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోముకు వెళ్లాను. వెళ్లాం కాదు, వెళ్లాను. ఫైలు మీద నా పేరే రాశారు. రక్తపరీక్షలు నాకు, స్కానులు నాకు, మాత్రలు నాకు, బరువు తగ్గమన్న సలహా నాకు. నెలకు మూడు నాలుగు సార్లు అండం ఎదిగిందా లేదా అని చూసే స్కాను. మా అత్తయ్య పొద్దున్నే నా చేతికి రాగి జావ గ్లాసు ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడేవారు. ఫోనులో బంధువులకు "దానికేవో నీటిబుడగలట" అని చెప్పేవారు. మా ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా తనంతట తాను అడగలేదు, నేనూ అడగలేదు. పద్నాలుగు నెలల తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళితే, ఆవిడ అంత లావు ఫైలునూ తిరగేసి అడిగిన మొదటి మాట "మీ వారి రిపోర్టు ఏది?" అని.

వెయ్యి రూపాయలలోపు అయిపోయిన వీర్యపరీక్ష అది. మర్నాటికల్లా ఫలితం చేతికి వచ్చింది. వీర్యకణాల సంఖ్య తక్కువ, కదలిక ఇంకా తక్కువ. వెరికోసీల్, అంటే వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం, కారణమై ఉండవచ్చని తర్వాత తేలింది. నాకు అండాశయాల్లో నీటిబుడగలు ఉన్న మాటా నిజమే. పిల్లలు కలగడంలో ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ సంగతి తెలిసిన డాక్టర్లే పద్నాలుగు నెలలు నా ఒక్కదాని మీదే చికిత్స ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకే ఈ మూడు వారాల్లో మీరు చేయించుకోవలసిన పరీక్ష ఏదైనా ఉంటే అది మీ వారిది. పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం కాకుండా చూసుకోవాలి. ఆ వ్యవధి తక్కువైనా ఎక్కువైనా లెక్క మారుతుంది. ల్యాబులోనే నమూనా ఇవ్వగలిగితే మంచిది. అక్కడ ఇబ్బందిగా ఉండి ఇంటి నుంచి తీసుకువెళ్లేటట్లయితే గంటలోపు చేర్చాలి, చల్లబడకుండా ఒంటికి ఆనించి పట్టుకోవాలి. హైదరాబాదు ట్రాఫిక్కులో గంట అంటే ఎంత దూరమో మీకు చెప్పనక్కరలేదు కనుక దగ్గరి ల్యాబునే ఎంచుకోండి. ఒక్క రిపోర్టు చూసి గుండె జారిపోవద్దు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలకు దగ్గరగా పడుతుంది. అంటే ఇప్పటి రిపోర్టులో కనిపించేది రెండు మూడు నెలల కిందటి ఆరోగ్యం. మా ఆయనకు అంతకు రెండు నెలల ముందే డెంగీ వచ్చింది. ఆ మాట చెప్పగానే డాక్టరు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించమన్నారు. రెండోసారి సంఖ్య కాస్త మెరుగుపడింది, కదలిక అలాగే ఉంది. మీ వారు జిమ్ముకు వెళ్లి కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నారేమో కూడా అడగండి. మగతనం పెంచుతాయనుకునే ఆ ఇంజెక్షన్లే కణాల తయారీని అణిచేస్తాయి.

మీ పరీక్షలకు మాత్రం తొందరపడవద్దు. అండం ఎదగడానికి తోడ్పడే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను పరీక్ష లాంటివి నెలసరి రెండో రోజో మూడో రోజో చేయాలి. అండాశయంలో నిల్వ ఎంత ఉందో చెప్పే ఏఎంహెచ్ ఏ రోజైనా చేయవచ్చు. ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా అని చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే నెలసరి ఆగాక, అండం విడుదలయ్యే లోపు చేస్తారు. ముందుగా చేయించుకుని వెళితే చాలా కేంద్రాల్లో "మా ల్యాబులోనే కావాలి" అని మళ్లీ చేయిస్తారు, డబ్బు రెండుసార్లు పోతుంది. ఫోను చేసి ఏ రిపోర్టులు తీసుకోవాలో కనుక్కోండి. థైరాయిడ్ రిపోర్టు, పాత స్కానులు, వాడిన మందుల చీటీలు ఉంటే తేదీల వరసలో పెట్టుకోండి. గత ఆరు నెలల నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు పోయిన నెల తేదీ కూడా గుర్తు రాలేదు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇంకా మొదలుపెట్టకపోతే అది మాత్రం ఇప్పుడే అడిగి మొదలుపెట్టండి, గర్భం రాకముందు నుంచే వాడాలి.

మొదటి రోజు ఏదో చేసేస్తారని భయపడ్డాను. చేసింది చాలావరకు మాట్లాడటమే. మేనరికమా అని అడిగారు. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా అని అడిగారు. ఆ ప్రశ్న నాకు వింతగా తోచింది. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి అది కూడా ఒక కారణమని అప్పుడే తెలిసింది. మా ఆయనకు చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా, హెర్నియా ఆపరేషను జరిగిందా, సిగరెట్టు, గుట్కా అలవాట్లు ఉన్నాయా అని అడిగారు. ఆ తర్వాత, వారానికి ఎన్నిసార్లు కలుస్తారు అని. మా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు. అప్పట్లో ఆయనది రాత్రి డ్యూటీ, నాది పొద్దున బడి. "మీరిద్దరూ మెలకువగా ఒకే ఇంట్లో ఉండేది ఏ రోజు?" అని డాక్టరు నవ్వుతూ అడిగారు. లెక్క వేస్తే ఆదివారం ఒక్కటే తేలింది. గర్భం నిలిచే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు మాత్రమే. మా ఆదివారాల్లో ఎన్ని ఆ ఆరు రోజుల్లో పడి ఉంటాయో మరి. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు మీరిద్దరూ ముందే ఇంట్లో మాట్లాడుకుని వెళ్లండి. మీ వారికి చెప్పని పాత విషయం ఏదైనా ఉంటే, డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు మీకు ఉంది.

స్కాను బహుశా లోపలి నుంచి చేస్తారు. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. కడుపు మీద చేసే స్కానే అనుకుని సీసాడు నీళ్లు తాగి, బిగబట్టుకుని కూర్చున్నాను. లోపలి స్కానుకు మూత్రాశయం ఖాళీగా ఉండాలి. నొప్పి ఉండదు, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. గదిలో ఆడ నర్సు ఉండాలని మొహమాటం లేకుండా అడగండి.

మొహమాటం పనికిరాని చోటు ఇంకొకటి ఉంది, డబ్బు. ప్యాకేజీ అన్న మాట వినబడితే అందులో ఏమేం లేవో అడగండి. ఇంజెక్షన్లు, మత్తుమందు ఇచ్చే డాక్టరు ఫీజు, పిండాలను గడ్డకట్టించి దాచినందుకు ఏటా కట్టే రుసుము చాలాచోట్ల విడిగా ఉంటాయి. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ చికిత్స ఉండదు, కొన్ని కంపెనీల గ్రూపు పాలసీల్లో పరిమితితో ఉంటుంది. మీ వారి ఆఫీసులో ఒకసారి అడిగించండి. ఖర్చు తలకు మించిపోతుందనిపిస్తే గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రారంభించిన ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రంలో వాకబు చేయండి. ఎక్కడికి వెళ్లినా రిజిస్ట్రేషన్ పత్రం చూడండి. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కేంద్రమూ రిజిస్టరు కావాలి, చికిత్సకు ముందు లిఖితపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక కేంద్రం మీద పెట్టిన కేసు గురించి మీరూ చదివే ఉంటారు. సరోగసీ, అంటే అద్దె గర్భం, ద్వారా పుట్టిన మీ బిడ్డే అని ఇచ్చిన పసివాడు డీఎన్‌ఏ పరీక్షలో ఆ దంపతుల బిడ్డ కాదని తేలింది. అది చదివినప్పటి నుంచి, పత్రం చూపించమని అడిగితే ఏమనుకుంటారో అన్న సంకోచం నాకు పోయింది.

ఇక ఎదురుచూపు. హాల్లో ఎదురుచూపే ముందు వస్తుంది. మొదటి రోజు మా వంతు రావడానికి మూడు గంటలు పట్టింది. గోడల నిండా నవ్వే పసిపిల్లల ఫొటోలు. ఆ అలంకరణ చేసినవారు అక్కడి కుర్చీలో ఒక్క పూటైనా కూర్చుని ఉండరు. మగవాళ్లు ఫోన్లలో తలదూర్చి ఉంటారు, ఆడవాళ్లు ఒకరి ఫైలు మందం ఒకరు చూసుకుంటూ ఉంటారు. ఆ రోజు ఆఫీసుకు పూర్తి సెలవు పెట్టండి, అరపూట సరిపోదు.

అసలైనది తర్వాత వచ్చే రెండు వారాలు. మాకు ఐయూఐ, అంటే వీర్యకణాలను నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం, రెండుసార్లు చేశారు. మొదటిసారి ఎనిమిదో రోజున ఆగలేక మందుల షాపులో కిట్టు కొని చూసుకుంటే రెండు గీతలు వచ్చాయి. మా ఆయనను నిద్రలేపి చూపించాను. ఇద్దరం వంటింట్లో నిలబడి ఏడ్చాం. పద్నాలుగో రోజు రక్తపరీక్షలో ఏమీ లేదు. అండం విడుదల కావడానికి ఇచ్చే ఇంజెక్షనులో ఉండేదీ, కిట్టు వెతికేదీ ఒకే హార్మోను. అది పది రోజుల దాకా ఒంట్లో ఉండిపోవచ్చు. నాకు కనిపించిన గీత ఆ మందుది. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ ఆరు రోజులు వేరుగా గడిచేవి. రొమ్ముల నొప్పి, నిద్రమత్తు, కడుపుబ్బరం కూడా అంతే. ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడుతున్నప్పుడు గర్భం ఉన్నా లేకపోయినా అవి వస్తాయి. రెండోసారి నేను నా ఒంటిని ప్రశ్నలు అడగడం మానేశాను, కిట్టు కొనలేదు. మంచం దిగకూడదన్న నియమం ఏదీ అక్కరలేదని డాక్టరు చెప్పడంతో బడికి వెళ్లి పాఠాలు చెప్పాను. ఆ రెండోదీ నిలవలేదు. తర్వాత ల్యాబులో పిండాన్ని తయారుచేసి గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్‌లో మొదటి పిండమూ నిలవలేదు, రెండోది నిలిచింది. ఎదురుచూసిన తీరుకూ ఫలితానికీ సంబంధం ఏమీ లేదు. అందువల్ల మీకు ఏది తేలికగా ఉంటే అలాగే ఎదురుచూడండి.

గుడికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. చిలుకూరులో నేనూ 11 ప్రదక్షిణలు చేశాను, బాబు పుట్టాక 108 తిరిగి కాళ్లు వాచి ఇంటికి వచ్చాను. 2024 ఏప్రిల్‌లో అక్కడ సంతానం కోసం గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తారు, కిలోమీటర్ల కొద్దీ వాహనాలు ఆగిపోయాయి. మా వాడిని ఒళ్లో పెట్టుకుని అది టీవీలో చూశాను. శ్రావణ శుక్రవారం పేరంటాల్లో "ఏమ్మా, విశేషమా?" అని అడిగినప్పుడల్లా ఊళ్లో ఇలా ఉన్నది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఆ బండ్ల వరస చూశాక ఆ మాట మళ్లీ అనుకోలేదు.

అడిగేవారికి మేము ఒకే మాట చెప్పేవాళ్లం: "డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, చెప్పవలసింది ఉన్నప్పుడు మేమే చెబుతాం." కానీ మా ఇంట్లో గాలి మారింది దానివల్ల కాదు. రెండో రిపోర్టు వచ్చిన సాయంత్రం మా ఆయన వాళ్లమ్మతో "లోపం నాలోనూ ఉందమ్మా, నాకూ మందులు రాశారు" అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు, టీవీ శబ్దం కాస్త పెంచారు. మర్నాడు పొద్దున రాగి జావ రెండు గ్లాసుల్లో వచ్చింది.

ఆ రోజుల్లో మేము సాయంత్రాలు ఉస్మానియా యూనివర్సిటీలో నడిచేవాళ్లం. వెళ్లేటప్పుడు ఆర్ట్స్ కాలేజీ దాకా ఈ విషయమే మాట్లాడుకోవచ్చు, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊసు ఎత్తకూడదు. అదీ మా ఒప్పందం. తిరుగు దారిలో మొదట్లో మాటలే దొరికేవి కావు. తర్వాత్తర్వాత మా ఆయన ఆఫీసు ముచ్చట్లు, మా బడి పిల్లల అల్లరి, ఇంటి అద్దె అన్నీ ఆ దారిలోనే మాట్లాడుకున్నాం. మీకు కేపీహెచ్‌బీ పార్కు అయినా సరిపోతుంది.

డాక్టరును కలవడానికి బయలుదేరే ముందు సంచి తెరిచి మీ వారి ఆధార్ కార్డు కూడా ఉందో లేదో చూసుకోండి. మొదటి రోజు నమోదు కాగితాల దగ్గర మేము తీసుకురాని కార్డు అదొక్కటే.