సొంత డెస్క్‌టాప్ కడుతున్న అమ్మాయిని ఏఐ కోర్సుకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. లినక్స్‌కి ఏదో తేలికపాటి డెస్క్‌టాప్ తయారుచేస్తున్నానంటూ ఏడాదిగా రాత్రి పన్నెండింటి దాకా కూర్చుంటోంది. ఎవరో విదేశాల వాళ్లతో మెసేజీలు. చేసిందంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేస్తోంది. ఈలోగా ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ సబ్జెక్టు పోయింది. వారం రోజులు లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో ఏఐ కోర్సు చేస్తున్నాడు. నాలుగు నెలలు, లక్షా పదివేలు, ప్లేస్‌మెంట్ కూడా చూపిస్తారట. ఈ డెస్క్‌టాప్ మాన్పించి అందులో చేర్చమంటారా? రెంటిలో దేనికి భవిష్యత్తు ఉంది? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు అడిగింది పోలిక. కానీ ఉత్తరం పొడుగునా కనిపిస్తున్న గుబులు వేరే. పిల్ల ఏడాది కష్టం ఎవరెవరికో ఊరికే పోతోందే, మనకేం మిగులుతుంది అని. ఇలాంటి ఉత్తరాలు రాసే తల్లిదండ్రులందరిదీ ఇదే బాధ కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

లినక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్. ఇక్కడ డెస్క్‌టాప్ అంటే కంప్యూటర్ పెట్టె కాదు, దాని తెరమీద కనిపించే కిటికీలు, మెనూలు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే అలాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌ను 1996లో ఒలివియర్ ఫూర్డాన్ మొదలుపెట్టాడు. దాన్ని తన లినక్స్‌లో చేర్చుకోవడానికి రెడ్‌హ్యాట్ కంపెనీ ఒప్పుకోలేదు. బాగా పనిచేయక కాదు, బటన్లు, మెనూలు గీయడానికి అతను వాడిన ఎక్స్‌ఫామ్స్ టూల్‌కిట్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి, మార్చి, పంచుకోగలిగేది) కాదని. 1999లో మొత్తం జీటీకే అనే ఓపెన్ సోర్స్ టూల్‌కిట్ మీద తిరగరాశాడు. ఆ డెస్క్‌టాప్ ఇంకా నడుస్తోంది, 2024 డిసెంబరులో 4.20 విడుదలైంది. ఫూర్డాన్ తర్వాతి కాలంలో చేరింది ఏ కంపెనీలోనో తెలుసా? రెడ్‌హ్యాట్‌లోనే. అదే 1996లో కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి శ్రీకారం చుట్టిన మథియాస్ ఎట్రిష్ అప్పటికి ట్యూబింగెన్ యూనివర్సిటీలో విద్యార్థి. ఇద్దరూ పేరున్నవాళ్లు, అందరికీ అలా జరగదు, నిజమే. అయినా పద్ధతి మాత్రం అదే. ఈ రంగంలో పనిమంతుడిని గుర్తుపట్టేది అందరూ చూడగలిగే కోడ్‌ను బట్టి, ఆ కోడ్ మీద వచ్చిన విమర్శకు అతను ఇచ్చిన జవాబును బట్టి. దాచుకున్న కోడ్‌కి ఆ విలువ రాదు. మీకు అనుమానంగా కనిపించిన ఆ అర్ధరాత్రి మెసేజీలు చాలావరకు కోడ్ రివ్యూలే, అంటే ఒకరి కోడ్‌ను ఇంకొకరు చూసి తప్పులు చెప్పడమే అయి ఉంటాయి. యూరప్‌లో అప్పటికి సాయంత్రం. ఒక్కసారి పక్కన కూర్చుని చూపించమనండి. అక్కడ అన్నీ బహిరంగంగానే ఉంటాయి.

డెస్క్‌టాప్ అంటే ఒకే ప్రోగ్రామ్ అనుకోకండి. కిటికీలను తెరమీద పేర్చే కంపోజిటర్, కింద పట్టీలాంటి ప్యానెల్, ఫైల్ మేనేజర్, నోటిఫికేషన్లు, స్క్రీన్ లాక్, పాస్‌వర్డ్ అడిగే పోల్‌కిట్ పెట్టె, సెట్టింగులు, లాగిన్ తెరలో దాని పేరు కనిపించేలా చేసే సెషన్ ఫైలు, ఇవన్నీ కలిస్తే డెస్క్‌టాప్. ఇందులో ఏది కొరవడినా వాడేవాడు తిట్టుకుంటాడు. ఆ పాస్‌వర్డ్ పెట్టెను చూపించే పోల్‌కిట్ ఏజెంట్ పెట్టడం మర్చిపోతే డిస్క్ పార్టిషన్లు చేసే జీపార్టెడ్ లాంటివి నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కంపోజిటర్ మొదలవగానే వేలాండ్ (ప్రోగ్రాములు తెరమీద కనిపించడానికి వాడే కొత్త పద్ధతి) డిస్‌ప్లే పేరును డీబస్‌కు (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి), సిస్టమ్‌డీకి (సర్వీసులను నడిపేది) అందించకపోతే, ఫైలు ఎంచుకోవడం లాంటి సేవలందించే ఎక్స్‌డీజీ పోర్టల్ మొరాయిస్తుంది. అప్పుడు మామూలు టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకోవడానికి కూడా 25 సెకన్లు పడుతుంది. ఎందుకంటే డీబస్ జవాబు కోసం ఎదురుచూసే గడువు అంత. ఈ 25 సెకన్ల జబ్బు ఎందుకొచ్చిందో సొంతంగా పట్టుకున్న పిల్లకి ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇక నాకు నచ్చని సంగతులు. మొత్తం డెస్క్‌టాప్‌ను ఒక్కతే కట్టాలన్న ముచ్చట. ఇప్పుడు అది ఒక ఫ్యాషన్ కూడా అయింది. కంపోజిటర్ నుంచి క్యాలిక్యులేటర్ దాకా అన్నీ తనే రాస్తానంటే ఏదీ పూర్తికాదు. కంపోజిటర్లు రాయడానికి వాడే డబ్ల్యూఎల్‌రూట్స్ లైబ్రరీతో పాటు వచ్చే టైనీడబ్ల్యూఎల్ అనే నమూనా కంపోజిటర్ దాదాపు వెయ్యి లైన్లే. అది చదివి నాలుగు మార్పులు చేసుకోవడం మంచి చదువు. కానీ డబ్ల్యూఎల్‌రూట్స్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఫంక్షన్లు మారిపోతాయి. 0.18కి రాసింది 0.19తో కంపైల్ కాదు. ఆ మరమ్మతులకే సెమిస్టర్లు కరిగిపోతాయి. కంపోజిటర్‌గా ఇప్పటికే నిలదొక్కుకున్న లాబ్‌డబ్ల్యూసీని తీసుకుని, ప్యానెల్‌నో నోటిఫికేషన్లనో తన సొంత పనిగా పెట్టుకోమనండి. రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ల ఓఎస్ కూడా 2024 అక్టోబరు నుంచి లాబ్‌డబ్ల్యూసీనే వాడుతోంది. అంత పెద్ద ప్రాజెక్టే సొంత కంపోజిటర్ రాసుకోలేదు, మూడో సంవత్సరం విద్యార్థికి ఎందుకు ఆ బరువు?

ఒకవేళ ఇప్పటికీ వేలాండ్‌కు ముందున్న పాత ఎక్స్11 మీదే రాస్తోంటే మాత్రం దారి మార్చుకోవాల్సిందే. ఉబుంటు అనే లినక్స్‌లో 25.10 వెర్షన్ నుంచి, దాని డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌కి ఎక్స్11 సెషన్ లేదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో ఎక్స్11ను నడిపే ఎక్స్ఆర్గ్ సర్వర్‌నే తీసేశారు. కొత్త ప్యానెల్ అంటే వేలాండ్‌లో దాన్ని తెర అంచుకు అతికించే లేయర్‌షెల్ ప్రోటోకాల్ మీద రాయాలి. జీటీకేకి, అలాంటిదే అయిన క్యూటీ టూల్‌కిట్‌కి దానికోసం సిద్ధంగా లైబ్రరీలున్నాయి. ఒక్క చిక్కు, గ్నోమ్ ఆ ప్రోటోకాల్‌ను ఒప్పుకోదు. కాబట్టి అక్కడ ఆ ప్యానెల్ నడవదని ప్రాజెక్టు వివరాలుండే రీడ్‌మీ ఫైలులో ముందే రాసి పెడితే సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

‘తేలిక’ అన్న మాట మీదా నాకు అనుమానమే. మెమరీ ఇంతే తీసుకుంటోందని ‘ఫ్రీ’ (free) అనే కమాండ్ స్క్రీన్‌షాట్ పెట్టేస్తారు. ఒక్కో ప్రోగ్రామ్ మెమరీని చూపే ఆర్ఎస్ఎస్ అంకెలు కూడితే పలు ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీలు పదేపదే లెక్కలోకి వస్తాయి. ఆ ఉమ్మడి భాగాన్ని ప్రోగ్రాములకు పంచి లెక్కించే పీఎస్ఎస్ చూడాలి, ఎస్‌మెమ్ అనే సాధనం అది చూపిస్తుంది. పైగా 2 జీబీ మెషీన్‌లో డెస్క్‌టాప్ 200 ఎంబీ మిగిల్చినా బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అది కాస్తా హరీ. ర్యామ్ కంటే ఎక్కువ తేడా తెలిసేది ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు నిద్రలేపుతున్నామన్న దగ్గర. ప్యానెల్ గడియారం చూపించేది గంటలు, నిమిషాలు మాత్రమే అయినా లోపల సెకనుకోసారి గీస్తూ ఉంటుంది. బ్యాటరీ శాతం ఊరికే అడుగుతూ ఉంటుంది. గడియారాన్ని తర్వాతి నిమిషం మొదలయ్యే దాకా నిద్రపోనిచ్చి, బ్యాటరీ మార్పును దాని సమాచారం ఇచ్చే యూపవర్ సిగ్నల్ ద్వారా వినేట్టు రాస్తే చాలు. పవర్‌టాప్ పెట్టి ముందూ వెనకా మేల్కొలుపుల సంఖ్య చూసి, ఆ రెండు అంకెలూ రీడ్‌మీలో పెట్టమనండి. అది చూసిన ఇంజినీరు రెండో ప్రశ్న అడుగుతాడు, ఇంటర్వ్యూ అక్కడ మొదలవుతుంది.

పంచడం కూడా ఊరికే అప్‌లోడ్ చేయడం కాదు. లైసెన్స్ ఫైలు లేని కోడ్ అందరికీ కనిపిస్తుంది కానీ, కాపీ చేసి పంచే హక్కు ఎవరికీ ఉండదు. కాబట్టి ఏ డిస్ట్రో (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకం) దాన్ని ముట్టుకోదు. లాబ్‌డబ్ల్యూసీ నుంచి ముక్క తెచ్చుకుంటే అది జీపీఎల్ 2 (మార్చి పంచినా అదే లైసెన్స్ ఉంచాలనేది), దాన్ని కలిపి మొత్తాన్ని ఎంఐటీ లైసెన్స్ అనకూడదు. మ్యాక్ ఐకాన్ల నకళ్లు పెట్టి అందంగా ఉందనిపించుకుంటారు చాలామంది, డెబియన్ వాళ్ల కంట్లో పడగానే వెనక్కి వస్తుంది. తర్వాత, తన లాప్‌టాప్‌లో నడిచేది వేరేవాళ్ల దగ్గర నడవకపోవడానికి పెద్ద కారణం, కోడ్‌లో తన హోమ్ ఫోల్డర్ పేరు ఉండిపోవడం, లేదా తన దగ్గర ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీని అవసరాల జాబితాలో రాయకపోవడం. ఖాళీ వర్చువల్ మెషీన్‌లో డెబియన్ ఒకటి, ఫెడోరా ఒకటి వేసి, రీడ్‌మీలో ఉన్న అడుగులు మాత్రమే పాటిస్తూ ఇన్‌స్టాల్ చేసి చూసుకోవాలి. ఆర్చ్ లినక్స్ వాళ్ల ఏయూఆర్‌లో (వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టుకునే చోటు) పెట్టడం అన్నిటికన్నా సులువు. డెబియన్‌కి ప్యాకేజీ చేస్తానని ముందు ప్రకటించాలి, ప్యాకేజీని తనిఖీ చేసే లింటియన్ చూపిన తప్పులు దిద్దుకోవాలి, దాన్ని మన తరఫున డెబియన్‌లో చేర్చే స్పాన్సర్ దొరికేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికే అసలు శిక్షణ.

భాష సంగతి ఒకటి. అక్షరాలను పాత ఎక్స్‌లిబ్ ఫంక్షన్లతో నేరుగా గీసే ప్యానెళ్లలో ‘స్త్రీ’ లాంటి మాటలు ముక్కలైపోతాయి. అక్షరాలను పేర్చే పాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీల ద్వారా వెళ్తే ఒత్తులు సరిగ్గా పడతాయి. విండో టైటిల్‌లో తెలుగు ఫైలు పేరు పెట్టి చూసే టెస్టు ఇతర దేశాల వాళ్లకు తట్టదు, మీ అమ్మాయికి తట్టాలి. మెనూల తెలుగు అనువాదం తన ప్రాజెక్టుతో ఆపకుండా ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే మరో తేలికపాటి డెస్క్‌టాప్‌కీ పంపవచ్చు. కంప్యూటర్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు చాలాకాలంగా పనిచేస్తున్నారు, వాళ్లను కలిస్తే తోడు దొరుకుతుంది.

ఇప్పుడు మీ బావమరిది కొడుకు చేస్తున్న ఏఐ కోర్సు సంగతి. ఏఐ పనికిరాదని నేను అనను. కానీ నాలుగు నెలల కోర్సు అన్నదాని మీద నాకు నమ్మకం తక్కువ, దాచుకోను. వందమంది ఒకే బ్యాచ్‌లో ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల జాబితా, పీడీఎఫ్ చదివే చాట్‌బాట్ చేసి, అవే రెజ్యూమేలో రాస్తారు. ఇంటర్వ్యూ చేసేవాడికి మూడో రెజ్యూమేకే నోటికి వచ్చేస్తుంది. కొన్ని ఫంక్షన్ల పేర్లు నేర్పుతారు, మోడల్ ఎందుకు తప్పు చెబుతోందో కనిపెట్టడానికి కావాల్సింది సంభావ్యత, గణాంకాలు, లీనియర్ ఆల్జీబ్రా. అవి నాలుగు నెలల్లో ఎవరూ చెప్పరు. అమ్మాయికి పోయిన సబ్జెక్టు ఏదో మీరే రాశారు కదా, ఇంకోసారి చదువుకోండి. పునాది సబ్జెక్టులో తప్పిన పిల్లను పైఅంతస్తుకు ఫీజు కట్టి పంపుతానంటున్నారు! ‘ప్లేస్‌మెంట్ చూపిస్తారట’ అన్నారు. చూపించడం వేరు, ఇప్పించడం వేరు. కాగితం మీద ‘అసిస్టెన్స్’ అని ఉందా, రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో ఉందా, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లెందరో, ఉద్యోగం వచ్చినవాళ్లెందరో రెండు అంకెలూ ఇస్తారా? అడగండి. ‘హండ్రెడ్ పర్సెంట్’ అన్న పోస్టర్ చూపిస్తే లేచి వచ్చేయండి.

డెస్క్‌టాప్ వైపూ ఏఐ దెబ్బ ఉందని చెప్పకపోతే అన్యాయం. ఐదొందల లైన్ల ప్యానెల్‌ను ఇవాళ చాట్‌బాట్ కూడా రాసిస్తుంది. రెండో మానిటర్ తీగ పీకగానే ప్యానెల్ ఎందుకు మాయమైందో వెతికి పట్టుకోవడం, దాని దిద్దుబాటును చిన్న ప్యాచ్‌గా (మార్పుల ముక్కగా) కుదించి, ఆ ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్‌ను ఒప్పించడం ఇంకా మనిషి పనే. అందుకే ఏఐ రాసిన ప్యాచ్‌లు పంపేముందు ఆ ప్రాజెక్టు నియమాలు చదవాలి. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే అలాంటివి వద్దన్నాయి.

ఉద్యోగాలా? డెస్క్‌టాప్ కట్టే ఉద్యోగం అంటూ క్యాంపస్‌కి ఎవరూ రారు. ఆ విద్య వేరే పేర్లతో అడుగుతారు: కార్ల డాష్‌బోర్డు తెరలు, టీవీలు, బిల్లింగ్ మెషీన్లు, గ్రాఫిక్స్ డ్రైవర్లు. వాటిలో చాలావాటి కింద లినక్సే, వేలాండే. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియాలకు పెద్ద కార్యాలయాలున్నాయి. రెడ్‌హ్యాట్ పుణే, బెంగళూరుల్లో ఉంది. కొత్తవాళ్లకు ఖాళీలు తక్కువ, అనుభవం అడుగుతారు. కాబట్టి మిగతా పిల్లలతో పాటు క్యాంపస్ పరీక్షలకూ తయారవాల్సిందే. మధ్యలో ఒక మెట్టు ఉంది, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థులు దరఖాస్తు చేయవచ్చు, పని 90, 175 లేదా 350 గంటలు, స్టైపెండ్ ఇస్తారు. సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది. జాబితా వచ్చాక పరిగెత్తేవాళ్లకు దొరకదు. కేడీఈ, గ్నోమ్ లాంటి చోట డిసెంబరు నుంచే చిన్న బగ్‌లు సరిచేస్తూ పేరు తెలిసేలా చేసుకోవాలి.

బీరువా తాళం గురించి కొంచెం గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. సబ్జెక్టు పోయినందుకు లాప్‌టాప్ లాక్కుంటే సబ్జెక్టు రాదు. బావమరిది కొడుకుతో పోల్చడం ఇంకా చెడ్డపని. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చాక కదా పోల్చాలి, ఇంకా కోర్సులోనే ఉన్నాడు! ఇదే పని కొడుకు చేస్తుంటే ‘మావాడు ఏదో కనిపెడుతున్నాడు’ అని నలుగురికీ చెప్పుకునేవారేమో, ఆలోచించండి.

అలాగని అమ్మాయికి కళ్లెం అక్కర్లేదనడం లేదు. రాత్రి పదకొండుకు మూసెయ్యాలన్నది న్యాయమైన షరతే. రివ్యూ జవాబులు మర్నాడు పొద్దున ఇచ్చినా కొంపలు మునగవు. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను పరీక్షకే కూర్చోనివ్వవు, కాబట్టి సప్లిమెంటరీ అయ్యేదాకా కొత్త ఫీచర్లు బంద్, ఉన్న బగ్‌లు మాత్రమే. ఆ తర్వాత లక్ష్యం ఒక్కటే: ప్యానెల్ 0.1 వెర్షన్, లైసెన్స్‌తో, రెండు డిస్ట్రోల్లో ఇన్‌స్టాల్ అయ్యేలా. లక్షా పదివేలు మీ దగ్గరే ఉంచుకుని అందులోంచి ఒక సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనివ్వండి, ఆ మాయమయ్యే ప్యానెల్ సంగతి తేల్చడానికి అది కావాలి. ప్రాబబిలిటీకి మీ ఊళ్లోనే మంచి లెక్చరర్‌ను చూసి ఆరు వారాల ట్యూషన్ పెట్టించండి. సప్లిమెంటరీ ఫీజు గడువు ఎప్పుడో ఇవాళే అడగండి.