4 గంటల మారథాన్‌కి ఏ ప్లాన్ ఎంచుకోవాలి?

హాఫ్ మారథాన్ 2 గంటల 5 నిమిషాల్లో పరిగెత్తారు, ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్ 4 గంటల్లో ముగించాలి, ఏ ట్రైనింగ్ ప్లాన్ పట్టుకోవాలి అని అడిగారు.

ముందు లెక్క చూద్దాం. రేసు సమయాలు అంచనా వేసే పీటర్ రీగల్ సూత్రం ప్రకారం హాఫ్ సమయాన్ని 2.085తో గుణిస్తే ఫుల్‌కి అంచనా వస్తుంది. మీకు వచ్చేది సుమారు 4:20, అంటే 4 గంటల 20 నిమిషాలు. నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5:41 (5 నిమిషాల 41 సెకన్లు). దానికి హాఫ్ 1:55కి మించకూడదు, 1:50 అయితే ధీమాగా దిగొచ్చు. పైగా హైదరాబాద్‌లో వరస ఫ్లైఓవర్లు, ఆగస్టు ఉక్కపోత. ఈసారికి 4:20 ప్లానే తీసుకోండి. 4 గంటల ప్రయత్నం జనవరిలో ముంబైకి ఉంచుకోండి.

ప్లాన్ పేరు కాదు, దాని మొదటి వారం చూడండి. మీరిప్పుడు వారానికి 30 కి.మీ. చేస్తుంటే 50తో మొదలయ్యేది వద్దే వద్దు. 16 నుంచి 18 వారాలు, మూడు నాలుగు వారాలకోసారి దూరం తగ్గే వారం, చివర్లో టేపర్ (రేసు ముందు పరుగు తగ్గించుకునే రోజులు) ఉంటే చాలు.

అసలు పొరపాటంతా ఆదివారం లాంగ్ రన్‌లో, అంటే వారంలో అన్నిటికంటే దూరం పరుగులో జరుగుతుంది. తెల్లారి నెక్లెస్ రోడ్డు మీద గుంపుతో కలిసి కిలోమీటరుకు 6:10 వేగంతో లాగేస్తారు. అది మీ 4:20 రేసు వేగం! లాంగ్ రన్ 6:50, 7:10 మధ్య, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా కబుర్లాడుకునేలా సాగాలి. 6:10ని రెండు వారాలకోసారి, చివరి 5 కి.మీ.కి మాత్రమే వాడండి. మోకాలి కింద ముందువైపు ఎముకలో నొప్పి మొదలైతే ఆ వారం వేగం పరుగు మానేయండి. నేను మానక నెల రోజులు ఇంట్లో కూర్చున్నాను.