కస్టమ్ ఇన్సోల్స్ వేసుకుంటే బొటనవేలి వంకర పోతుందా?

బొటనవేలు పక్కకు తిరిగి దాని మొదట్లో బుడిపె వచ్చిందనీ, ఆపరేషన్ లేకుండా కస్టమ్ ఇన్సోల్స్‌తో (మన పాదం అచ్చు తీసి, షూ లోపల వేసుకోవడానికి చేసే మెత్తలతో) సరి అవుతుందా అనీ అడిగారు. వంకర పోదండి. నొప్పి మాత్రం తగ్గొచ్చు. నాకు తగ్గింది, కాకపోతే మొదట్లో నా తెలివితక్కువతనం వల్ల ఇంకా పెరిగింది.

నేను టీచర్‌ని, రోజూ ఆరు పీరియడ్లు నిలబడే ఉంటాను. కుడి బొటనవేలు పక్క వేలి మీదకు ఒరిగిపోయి, మొదట్లో ఎముక గోలీకాయంత పొడుచుకొచ్చింది. మా అమ్మకూ అంతే. డాక్టర్ 'బనియన్' అనగానే మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఏం చేస్తాం, జబ్బు పేరే అది. నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. బొటనవేలికీ దాని వెనకున్న పొడుగు ఎముకకూ మధ్య కోణం 15 డిగ్రీలు దాటితే బనియన్ కింద లెక్కట. నాది 24. పైగా అరికాలు చదును. అడుగు వేసినప్పుడల్లా పాదం లోపలికి వాలి ఆ కీలు మీద భారం పడుతోందని ఇన్సోల్స్ రాశారు.

ఫోమ్ నింపిన పెట్టెలో పాదం నొక్కిస్తే తడి ఇసుకలో అడుగు పడ్డట్టు అచ్చు పడింది. పది రోజుల్లో తయారయ్యాయి, 5,500 అయింది. అరికాలి వంపు కింద ఎత్తుగా, వేళ్ళకు కాస్త వెనక చిన్న దిండులా ఉబ్బుగా ఉంటాయి.

వాటిని తెచ్చి పాత షూలో, లోపలున్న అట్ట కూడా తీయకుండా పైన పెట్టేశాను. పాదం పైకి లేచింది, బుడిపె షూకి ఒరుసుకుని సాయంత్రానికి ఎర్రగా కందిపోయింది. వారం భరించి, ఇన్సోల్స్‌ను తిట్టుకుంటూ మళ్ళీ వెళ్తే డాక్టర్ నన్ను తెల్లకాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్నుతో గీసి, దాని మీద నా షూ పెట్టారు. గీత రెండు వైపులా బయటే ఉంది! ముందు వెడల్పుగా, లోతుగా, లేసులున్న షూ కొన్నాక అసలు కథ మొదలైంది. మొదటి రోజు గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పోయాను. నెలన్నరకు ఆఖరి పీరియడ్‌లో కుర్చీ వెతుక్కోవడం మానేశాను.

ఏడాదిన్నర తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే 25 డిగ్రీలు. అంటే వేలు దాదాపు ఉన్నచోటే ఉంది. ఫిన్లాండ్‌లో 209 మందిని చూసి 2001లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఆరు నెలలకు ఇన్సోల్స్ వాళ్ళకు నొప్పి తగ్గింది గానీ, ఏడాదికి ఏ వైద్యమూ చేయించుకోని వాళ్ళతో పోలిస్తే తేడా లేకుండా పోయింది. ఆపరేషన్ వాళ్ళే మెరుగ్గా ఉన్నారు. నాకింకా పని చేస్తున్నాయి కాబట్టి నేను ఆగాను. పడుకున్నా నొప్పి వస్తుంటే మీరు ఆపరేషన్ గురించి అడగండి. షుగర్ ఉండి కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కు చూపించకుండా ఏదీ కొనకండి, ఒరుసుకున్నా తెలియదు.

ఇంకో చిక్కు, మనం ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరుగుతాం. ఆదివారం వంట చేసి బండల మీద నిలబడితే నొప్పి మళ్ళీ హాజరు. ఇంట్లోకని మెత్తటి చెప్పులు విడిగా కొన్నాను. వంటింట్లోకి చెప్పులేమిటని మా అత్తగారు నెల రోజులు మూతి ముడుచుకున్నారు. ఈమధ్య తనకూ ఒక జత తెమ్మన్నారు.