సమాధిని వెతుకుతున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ద్వీపాంతర శిక్ష మీద అండమాన్‌కు వెళ్లి అక్కడే కన్నుమూసిన ఖైదీ గురించి నువ్వు పంపిన తొలి అధ్యాయం రెండుసార్లు చదివాను. కొబ్బరిచెట్ల నీడన అతని సమాధిని కళ్లకు కట్టినట్టు వర్ణించావు గాని, ఆ సమాధి ఉన్నట్టు చెప్పే కాగితం ఒక్కటీ నీ దగ్గర లేదు. ఆ పేజీని పక్కన పెట్టి ముందు పాత రికార్డులు చూడమని నా సలహా.

జైలు కాగితాలు ఖైదీ కోసం రాసినవి కావు. అతన్ని బంధించినవాళ్లు పైఅధికారులకు జవాబు చెప్పుకోవడానికి రాసుకున్నవి. ఆ ఎరుకతో చదివితే వాళ్లు దాచదలచింది కూడా దొరుకుతుంది. చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ 1862 నవంబర్ 7న రంగూన్‌లో నిర్బంధంలో చనిపోతే, ఆ సాయంత్రమే కాపలా భవనం వెనుక ఇటుకలు పేర్చిన గోతిలో పూడ్చి, నేలకు సమంగా పచ్చగడ్డి పెళ్లలు కప్పించారు. సమాధి చుట్టూ చాలా దూరం వరకు వెదురు కంచె వేయించామనీ, అది శిథిలమయ్యేలోగా గడ్డి అల్లుకుని చోటు ఆనవాలు లేకుండా పోతుందనీ ఆయన కాపలా చూసిన కెప్టెన్ డేవిస్ రాసిపెట్టాడు. ఆ వాక్యం చదివిన రోజు నేను మరేమీ రాయలేకపోయాను. 1907లో పెట్టిన ఫలకం మీద సైతం 'ఈ చోటికి దగ్గరలో' అనే చెక్కగలిగారు. 1991లో అక్కడ కాలువ తవ్వుతున్న కూలీలకు ఇటుకల సమాధి తగిలింది. కాగితంలోని ఇటుకలూ నేలలోని ఇటుకలూ 128 ఏళ్లకు కలుసుకున్నాయి.

ఆయన చక్రవర్తి కనుక అంత వివరంగా రాశారు. నీ మనిషికి ఒక పంక్తి దక్కితే గొప్ప. మద్రాసు ప్రెసిడెన్సీలో శిక్ష పడినవాడైతే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టు. ఆ తరువాత ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ ఫైళ్లు చూడు. పేరును మాత్రం నమ్ముకోకు. నరసయ్యను ఒక గుమాస్తా 'నర్సియా' అంటాడు, మరొకడు 'నుర్సియా' అంటాడు. నేను పేరొక్కటే పట్టుకుని ఆరు నెలలు వేరే మనిషి మరణాన్ని వెంబడించాను. తండ్రి పేరూ ఊరూ పోల్చి చూసేదాకా పొరపాటు తెలియలేదు.

అసలు సమాధే లేకపోవచ్చు, దానికీ సిద్ధపడు. 1933 నిరాహార దీక్షలో బలవంతంగా పాలు ఎక్కించడంతో అండమాన్‌లోని సెల్యులార్ జైలులో ప్రాణం విడిచిన విప్లవకారుడు మహావీర్ సింగ్ దేహాన్ని సముద్రంలో పడేశారు. నీ ఖైదీదీ అదే గతి అని తేలితే అలాగే రాయి, కొబ్బరినీడ కల్పించకు. ఏదీ తేలకపోతే ఎక్కడెక్కడ వెతికావో, ఏ రిజిస్టరు దగ్గర జాడ తెగిపోయిందో అదే రాయి. అతని వంశంలో ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకు ఆ మాత్రం నిజమైనా చేరాలి.

వచ్చే ఉత్తరంలో అధ్యాయం వద్దు. అతని ఖైదీ నంబరు దొరికితే అది రాసి పంపు.